ముఖ్య అతిథిగారి పిట్ట

"ఒక చిన్న పిట్టకథ చెప్పి ముగిస్తాను" అన్న మాట వేదిక మీద నుంచి వినపడగానే అనుభవం ఉన్నవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. ముందు వరుసవాళ్లు ఫోన్ తీస్తారు. వెనక వరుసవాళ్లు చెప్పులు వెతుక్కుంటారు. మధ్యలో ఇరుక్కున్నవాళ్లు పక్కవాళ్ల మోకాళ్ల వంక చూసి, దాటడం కుదరదని తేల్చుకుని, కళ్లు మూసుకుంటారు. మొన్న మా కాలనీ వార్షికోత్సవంలో నేను మధ్యలో ఉన్నాను.

కళ్లు మూసుకుని భాషాశాస్త్రంలో పడ్డాను. పిట్టగోడ అంటే ఎగిరే గోడ కాదు కదా, మేడ మీద నడుము ఎత్తుకు కట్టే పొట్టి గోడ. పిట్టకథా అంతే, పొట్టి కథ. హరికథలో రుక్మిణీ కల్యాణం సాగుతుండగా జనం ఆవలించడం దాసుగారి కంట పడుతుంది. టక్కున చిరతలు ఆపి ఏ పిసినారి మామగారి ముచ్చటో అందుకుంటారు. జనం ఘొల్లుమంటారు. ఆ నవ్వు ఆగేలోపు ఆయన మళ్లీ రుక్మిణి దగ్గరికి వచ్చేసి ఉంటారు. అంటే పిట్టకథ ఉన్నది నిద్రపోయేవాళ్లను లేపడానికి. మా అతిథిగారికి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పిట్టకథను ఇంగ్లీషువాళ్లు ఎనెక్‌డోట్ అంటారు. దాని సంగతి ఇంకా విచిత్రం. దాని మూలం గ్రీకు మాట, అర్థం 'బయటపెట్టనివి'. ఆరో శతాబ్దంలో ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు జస్టీనియన్ చక్రవర్తిని బయటికి పొగుడుతూనే, ఆయన గుట్టంతా విడిగా ఒక పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. దానికి ఈ పేరే పడింది. అది అచ్చయ్యేసరికి 1623 వచ్చింది. వెయ్యేళ్లు పైనే! మా అతిథిగారు పొద్దున వాట్సాప్‌లో వచ్చిన కథను సాయంత్రం దాకా దాచుకోలేకపోయారు.

కథలో కృష్ణదేవరాయలు వేటకు బయల్దేరాడు. అడవి చేరేలోపు అతిథిగారికి తన హైస్కూలు గుర్తొచ్చింది. స్కూలు నుంచి యువతలో విలువలు, విలువల నుంచి వాళ్ల అబ్బాయి అమెరికా ఉద్యోగం. రాయలవారు గుర్రం మీదే ఉన్నారు. అరగంట తర్వాత చూస్తే గుర్రం మీద అక్బర్ ఉన్నాడు. తెనాలి రామకృష్ణుడు ఎప్పుడో బీర్బల్ అయిపోయాడు. తీరా నవ్వు రావాల్సిన చోటికి ఒక అడుగు ముందే అతిథిగారు తానే పడిపడి నవ్వేశారు. ఆఖరి మాట ఆ నవ్వులో కొట్టుకుపోయింది. అయిపోయిందేమోనన్న ఆశతో చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లకు ఉత్సాహం వచ్చి, "ఇలాంటిదే ఇంకొకటి" అన్నారు.

ఇంతవరకూ నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ మెట్ల పక్కన బుర్రకథ చెప్పేవాళ్లు ముగ్గురు ఆరింటి నుంచి గజ్జెలు కట్టుకుని నిలబడే ఉన్నారు. వాళ్లకు కుర్చీ వేసిన నాథుడు లేడు. అతిథిగారు శాలువా కప్పించుకుని వెళ్లేసరికి తొమ్మిదింబావు. అప్పుడు మా కార్యదర్శి ఆ కథకురాలితో, "అమ్మా, అయిదు నిమిషాల్లో కానిచ్చేయండి, టెంటువాళ్లు వచ్చేశారు. హాస్యాలూ అవీ వద్దు" అన్నాడు. సిగ్గు లేదూ? అల్లూరి సీతారామరాజు కథ అయిదు నిమిషాల్లోనా? నవ్వించడమే పనిగా ఒక వంతను, అంటే కథకుడి పక్కన పాడేవాణ్ణి, పెట్టుకున్న కళ అది. ఆ కళలో నాజర్‌గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చిన దేశం ఇది. గంటసేపు నవ్వు రాని జోకులు భరించి, నవ్వించడం తెలిసినవాడి నోరు మూయించాం. మనకు కళలు అంతరించిపోతున్నాయని ఏడ్చే హక్కు కూడా లేదు.

ఆ హాస్యం చెప్పే వంత ఏమీ అనలేదు. డక్కీ సర్దుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఇంతకీ సీతారామరాజును తెల్లవాళ్లు ఎప్పుడు పట్టుకున్నారే?"

"టెంటువాళ్లు వచ్చేలోపేరా తమ్ముడూ!"

మిగిలిన పదిహేడు మందిమీ ఘొల్లుమన్నాం. పట్టిన టైము పన్నెండు సెకన్లు.