కథ చివర కూర్చునే నీతిగారికి

మహారాజశ్రీ నీతిగారి దివ్యసముఖమునకు,

విశాఖపట్నం పెదవాల్తేరు నుంచి ఒక అమ్మమ్మ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మీ సంగతేమో గానీ ఇక్కడ కుశలం కాదు. మా అత్తగారి బూరుగుదూది దిండు పోయింది. ఎదురు ఫ్లాటావిడతో మాటలు పోయాయి. నిన్న ఆదివారం మూడింటి నుంచి దీపాలు పెట్టే వేళదాకా మేడ మీద గొంతుక్కూర్చుని దూది ఏరాను. ఈ మోకాళ్లకు అరవై ఏడేళ్లండీ.

అంతా తమరి చలవే. అయినా తమకు తెలిసి ఉండదు లెండి. కథ జరుగుతున్నంతసేపూ తమరెక్కడా కనిపించరు. భోజనాలయిపోయి, జనం చేతులు కడుక్కుంటుంటే వచ్చి, "ఇంతకీ ఈ పెళ్లిలో విశేషమేమిటంటే" అని మైకు పుచ్చుకునే పెద్దమనిషి తీరు తమది.

ఈ రభసంతటికీ మూలం ఒక పిల్లల బొమ్మల పుస్తకం. అది రాసిందెవరో పేరు చెప్పను. చెబితే ఈకలెగురుతాయని నేర్పింది మీరేగా. పాటలతో ప్రపంచాన్ని ఊపేసిన ఆవిడ. 2003లో ఉన్నట్టుండి పిల్లలకు బుద్ధులు చెప్పాలనిపించి బొమ్మల పుస్తకాలు మొదలెట్టింది. ఇది రెండోది. పాత పుస్తకాల కొట్లో కనబడితే నూటయాభై ఇచ్చి తెచ్చాను. వేసవి సెలవులకి హైదరాబాద్ నుంచి మనవడొచ్చాడు, వాడి చేతిలో ఫోను లాక్కోవాలంటే ఏదో ఒకటి పెట్టాలి కదా.

కథ మంచిదే. అందులో పేచీ లేదు. అమెరికాలో ఓ చిన్న ఊరు, పిల్లలకు బేస్‌బాల్ ఆడించే మాష్టారు. శనివారం ఆటయ్యాక పళ్లకొట్టు ముందు నుంచి వెళ్తూ నిగనిగలాడే ఆపిల్ ఒకటి తీసి సంచీలో వేసుకుంటాడు, డబ్బివ్వడు. ఓ కుర్రాడు అది చూసి, మాష్టారు దొంగ అని నలుగురికీ చెప్తాడు. పై శనివారానికి మైదానం ఖాళీ. తీరా చూస్తే ఆయన పొద్దున్న పాలు కొన్నప్పుడే ఆపిల్‌కి కూడా కలిపి ఇచ్చేశాడు. కుర్రాడు తప్పైపోయిందని వస్తే, మాష్టారు ఈకల దిండొకటి తెమ్మని, మైదానంలో దాన్ని కోయిస్తాడు. ఈకలన్నీ గాలికి పోయాక, "ఇప్పుడు ఏరు" అంటాడు.

ఇది ఆవిడ సొంత కథ కాదు. దాదాపు 300 ఏళ్ల నాటిదనీ, బాల్ షెమ్ తోవ్ అనే యూదు గురువు చెప్పిందనీ ఆవిడే పుస్తకంలో రాసుకుంది. ఆ నిజాయితీకి దండం పెట్టొచ్చు. నా పేచీ ఆవిడతో కాదు, మీతో.

ఇంగ్లీషు పుస్తకం కాబట్టి నేనే తెలుగులో చెప్పుకుంటూ పోయాను. "ఇప్పుడు ఏరు" దగ్గరికొచ్చేసరికి మావాడు నోరు తెరిచి బొమ్మకేసి చూస్తున్నాడు. గాలి నిండా తెల్లటి ఈకలు. ఆ ఒక్క క్షణం వాడికెంత తెలిసిందో నాకు తెలుస్తూనే ఉంది. అదిగో, సరిగ్గా అప్పుడు దయచేశారు తమరు. మాష్టారి నోట్లో దూరి, ఒక్కో ఈకా ఊళ్లో ఒక్కో మనిషి, తొందరపడి ఎవర్నీ అనకూడదు, మాట తూలితే వెనక్కి తీసుకోలేం అని మొదలెట్టారు. మావాడు మీ మాట ఒక్కటి విన్నాడా? ఒళ్లోంచి దిగాడు. "అమ్మమ్మా, మన దిండులో ఈకలున్నాయా?" "లేవురా, దూది." "అదెగురుతుందా?"

ఎగురుతుంది అన్నాను. నా తప్పు. ఒప్పుకుంటున్నాను.

తర్వాత కాస్త కునుకు పట్టింది. లేచేసరికి దిండూ లేదు, వాడూ లేడు, కూరగాయల కత్తెరా లేదు.

మా అత్తగారు ఏజెన్సీ నుంచి బూరుగుకాయలు తెప్పించి, గింజగింజా ఏరి, గళ్ల గుడ్డలో కుట్టిన దిండది. మా పెళ్లయిన ఏడాది. ఆవిడకు నా మీద ప్రేమ ఉందనడానికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం. నేను మేడెక్కేసరికి గలీబు ఓ మూల, దిండు చర్మం ఓ మూల. మూడు దాటాక సముద్రం మీంచి గాలి ఎలా కొడుతుందో వాల్తేరు వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ల ట్యాంకు మీద దూది, డిష్ యాంటెన్నాల్లో దూది, కింద ఎవరిదో కొత్త కారు అద్దం మీద దూది. 2014లో హుద్‌హుద్ వెళ్లిపోయాక కూడా మా మేడ మీద ఇంత చెత్త చూళ్లేదు. అన్నిటికంటే ఘోరం, ఎదురు ఫ్లాటావిడ పాత వాయిలు చీర పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, పొద్దున్నే పెట్టుకున్న సగ్గుబియ్యం వడియాలు. సగమే ఆరాయి. సగం ఆరిన సగ్గుబియ్యానికి బూరుగుదూది అంటుకుంటే ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? తెల్లగా నూగొచ్చి, పురుగుల గూడులా. గోటితో లాగితే దూదితోపాటు వడియమూ వస్తుంది. సూదిమొనతో ముప్పై దాకా బాగుచేసి, ఇక నా వల్ల కాదని వదిలేశాను.

ఆవిడ పైకొచ్చింది. చూసింది. అరవలేదు. "పిన్నిగారూ, ఇవి ఇంక ఎవరు తింటారండీ?" అంది, నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

మావాడో? పిట్టగోడకి ఆనుకుని, నడుం మీద చెయ్యేసుకుని, మాష్టారిలాగే నా వైపు చూసి, "ఇప్పుడు ఏరు" అన్నాడు. కథలో నేనే ఆ కుర్రాణ్ణట.

అయ్యా, నేను రిటైరైన తెలుగు టీచర్ని. ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద 'నీతి' అని రాసి, పక్కన రెండు చుక్కలు పెట్టి, కింద గీత గీయించాను. రెండు మార్కులు. కథ మర్చిపోయినా మిమ్మల్ని బట్టీపట్టిన పిల్లలకు రెండుకి రెండూ వేశాను. కాబట్టి మీ మీద నాకు కోపం ఉండే హక్కు లేదేమో. అయినా ఉంది. చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక' అని మీ పేరే పెట్టి పుస్తకం తెచ్చాడా, అందులో కూడా వలలో పడ్డ పావురాలకు ఎలక వచ్చి తాళ్లు కొరికిన తర్వాతే ఎవరి సుద్దులైనా చెవికెక్కేవి. భేతాళుడు శవంలో కూర్చుని కూడా మీకంటే మర్యాదస్థుడు. కథ చెప్పి, ప్రశ్న వేసి, ఊరుకునేవాడు. జవాబు రాజుదే.

మా అపార్ట్‌మెంట్లో ఈ పుస్తకం ఇప్పటికే ఐదిళ్లు తిరిగింది. అభిప్రాయాలు అడిగాను, ఖాళీగా ఉన్నానుగా. ఆవిడ పాటలంటే చెవి కోసుకునే పెళ్లికాని కుర్రాడు "సూపర్ ఆంటీ" అన్నాడు, అట్ట తిప్పకుండానే. కింద ఫ్లాటాయన "ఆవిడా? ఆవిడ బుద్ధులు చెప్పడమా?" అని అదే మాట మూడుసార్లన్నాడు. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైనాయన, ఆ కుర్రాడు మాష్టార్నే అడిగేస్తే రెండో పేజీలో తేలిపోయేది కదండీ అన్నాడు. న్యాయమే. బొమ్మలు మాత్రం అందరికీ నచ్చాయి. ఇద్దరు పిల్లల తల్లి ఒకావిడ మాత్రం బొమ్మా చూళ్లేదు, కథా అడగలేదు. "నీతి ఉందాండీ? ఉంటే ఇవ్వండి" అంది, టానిక్కులో ఐరన్ ఉందా అన్నట్టు.

ఇదిగో ఇక్కడే మండుతుంది నాకు. నిన్ను చూసే కొంటారు పుస్తకం. నువ్వు లేకపోతే కథ దండగంటారు. పిల్లాడు గాలిలో ఈకల్ని చూసి నోరు తెరిచిన ఆ క్షణాన్ని నువ్వొచ్చి మూసేస్తావు, మూసి పైన సీలు వేస్తావు. ఎవడడిగాడు నిన్ను? వాడికప్పటికే అర్థమైంది. అర్థం కానిది నీకే. పోనీ నువ్వు చెప్పింది విని దిండు ముట్టుకోకుండా ఉన్నాడా? "మాట తూలకు" అని చెప్పావు గానీ, "అమ్మమ్మ దిండు కొయ్యకు" అని ఒక్క ముక్క చెప్పలేకపోయావే!

చెప్పేవి ఇంకా ఉన్నాయి గానీ, సాయంత్రం జరిగింది రాసి ముగిస్తాను.

కిందకి దిగితే మా వాచ్‌మన్ అడిగాడు. "అమ్మగోరూ, మీ అల్లుడుగోరు కోపంతోటి దిండు కోసీసినారంట గదా?" అల్లుడేంట్రా, ఆయన హైదరాబాద్‌లో ఉంటే! పనిమనిషి చెప్పిందట. పనిమనిషికి రెండో అంతస్తు వాళ్లు చెప్పారట. ఏడున్నరకి ఫోను మోగింది. అల్లుడు. "అత్తయ్యగారూ, నేనూ మీ అమ్మాయీ దిండ్లు చించుకుని కొట్టుకున్నామటగా? మా పెద్దమ్మ ఫోన్ చేసి ఏడుస్తోంది." ఆ పెద్దమ్మగారుండేది గాజువాకలో. నాలుగ్గంటల్లో వాల్తేరు నుంచి గాజువాక, గాజువాక నుంచి హైదరాబాద్. దూదైనా అంత దూరం ఎగరదు.

సరే. మీరు చెప్పింది నిజమే. ఆ మాట మీతో అనాల్సి రావడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

ఇట్లు,
దిండు లేని అమ్మమ్మ

తా.క. ఇందాక ఎదురు ఫ్లాటావిడ తలుపు కొట్టింది. ఇంత రభస చేసిన పుస్తకంలో ఏముందో చూస్తానంది. ఇచ్చాను. వాళ్లకి కవల పిల్లలు, ఆరేళ్లు. ఇంట్లో ఐదు దిండ్లున్నాయి.