తల లేని పేషెంట్‌కి నమస్కారం

ఒళ్ళు ఇంకా మండుతోంది కాబట్టి గబగబా చెప్పేస్తా. మేం గైనిక్ పీజీలం, మాకు ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. తెలీని వాళ్ళకి: వరసగా కర్టెన్లు కట్టి ఒక్కో కర్టెన్ వెనక ఒక్కో కేసు పెడతారు, ఐదు నిమిషాలకోసారి గంట, గంట కొట్టగానే పక్క కర్టెన్‌లోకి పరుగు. ఎగ్జామినర్ మాట్లాడరు, చెక్‌లిస్ట్ పట్టుకుని టిక్కులు కొడతారు. 1975లో స్కాట్లండ్‌లో హార్డెన్ అనే ప్రొఫెసర్ దీన్ని తెచ్చింది ఎగ్జామినర్ మూడ్‌ని బట్టి కాకుండా అందరికీ ఒకే కొలతతో మార్కులు పడాలని. ఆయన్ని నేనేమీ అనను, ఆయన మా కాలేజీ చూడలేదు.

నైట్ డ్యూటీ దిగి, మలక్‌పేట బ్రిడ్జి కింద వాన నీళ్ళలో ఆటో మొరాయిస్తే మిగతాది నడిచి, తడిసిన చెప్పులతో స్కిల్స్ ల్యాబ్‌కి చేరా.

మొదటిది ఎక్లాంప్సియా, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం. పేషెంట్‌గా మా లేబర్ రూమ్ ఆయమ్మనే పడుకోబెట్టారు, ఎన్నేళ్ళుగానో చూస్తోంది కదా, ఫిట్స్ ఎంత బాగా తెచ్చుకుందంటే నాకు నిజంగానే కంగారు పుట్టింది. హెల్ప్ అని అరిచా, ఎడమ పక్కకి తిప్పా, ఆక్సిజన్ పెట్టా, మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు నరంలోకి నెమ్మదిగా, 5 గ్రాముల చొప్పున రెండు పిరుదులకీ అని గడగడా అప్పజెప్పా. ఆయమ్మ ఒక కన్ను తెరిచి "సూది నిజంగ ఎయ్యవు గద బిడ్డా" అని మళ్ళీ కొట్టుకోవడం మొదలెట్టింది. మోకాలి రిఫ్లెక్స్, ఊపిరి, యూరిన్ చూసుకుంటూ ఉండాలి, డోసు ఎక్కువైతే కాల్షియం గ్లూకోనేట్, అన్నీ చెప్పా. గంట కొట్టాక మేడమ్ అప్పుడు నోరు విప్పారు. "మొదటి పాయింటే పోయిందమ్మా. నువ్వెవరో పేషెంట్‌కి చెప్పలేదు, పర్మిషన్ అడగలేదు."

"ఫిట్స్‌లో ఉన్న మనిషికా మేడమ్?"

"చెక్‌లిస్ట్‌లో ఉంది."

సరే. ఆ కసితో పక్క కర్టెన్ తీశా. షోల్డర్ డిస్టోషియా. అంటే బిడ్డ తల బయటికొచ్చేసింది, భుజం తల్లి ఎముక వెనక ఇరుక్కుపోయింది. నిజం లేబర్ రూమ్‌లో అయితే గడియారం చూసి టైమ్ గట్టిగా చెప్తాం, ఐదు నిమిషాలు దాటితే బిడ్డకి ముప్పు అని అందరికీ తెలుసు, ఒక్కరూ ఖాళీగా నిలబడరు. నేనేం చేశానంటే, రెండు చేతులూ జోడించి "నమస్తే అమ్మా, నేను డాక్టర్ ఫలానా, ఫైనలియర్ పీజీని" అన్నా.

ఎవరితో అన్నానో చెప్పాలి. పేషెంట్ బదులు పెట్టిన బొమ్మకి నడుము పైన ఏమీ లేదు. కిందేమో తొడలు సగంలో కోసేశారు. మధ్యలో ఉన్నదే పేషెంట్. ఇప్పుడు ఎక్కడ చూసి మాట్లాడాలి? కమ్యూనికేషన్ క్లాసులో కళ్ళలోకి చూసి మాట్లాడమన్నారు, కళ్ళు లేని వాళ్ళ సంగతి ఆ స్లైడ్స్‌లో లేదు. బొమ్మ వైపే చూస్తూ మాట్లాడితే అస్సలు బాగుండదు, అది మీరే ఊహించుకోండి. తల ఉండాల్సిన చోట గోడ, గోడకి తల్లిపాల వారోత్సవాల పోస్టర్, అందులో ఒకావిడ బిడ్డని ఎత్తుకుని నవ్వుతోంది. ఆవిడ కళ్ళలోకి చూస్తూ "కాన్పు కొంచెం కష్టమవుతోందమ్మా, లోపల చెయ్యి పెట్టి చూడాలి, మీకు సమ్మతమేనా?" అని అడిగి ఆగా. అడిగాక జవాబు కోసం ఆగడం కూడా ఒక పాయింటే మరి.

బిడ్డ తల బయటే ఉంది. నేను వెయిట్ చేస్తున్నా.

కర్టెన్ అవతల నించి ఆయమ్మ గొంతు: "ఆఁ, చూస్కో బిడ్డా, ఏం గాదు."

నేను "థాంక్యూ అమ్మా" అన్నా. ఎక్స్‌టర్నల్ సార్ చెక్‌లిస్ట్‌ని మొహానికి అడ్డం పెట్టుకున్నారు, కాగితం ఊగుతోంది.

తర్వాత మెక్‌రాబర్ట్స్ చెయ్యాలి. ఇద్దరు చెరో తొడా పట్టుకుని పొట్ట మీదికి బాగా మడవాలి, చాలాసార్లు దాంతోనే భుజం వదులుతుంది. మడుద్దామంటే తొడలేవీ? "చేసి చూపించు" అని సార్ సైగ. గాల్లో లేని కాళ్ళు పట్టుకుని లేని పొట్ట మీదికి మడుస్తూ, భుజం వదిలేలా పొట్ట నొక్కడానికి మనిషి లేక "హెల్ప్!" అని అరిచా. పక్క కర్టెన్‌లో ఫిట్స్ మధ్యలో వదిలేసి ఆయమ్మ లేచి వచ్చేసింది. అక్కడ నా జూనియర్ పాపం ఖాళీ మంచానికి మెగ్నీషియం ఎక్కిస్తోందట. ఈవిడేమో నా చెయ్యి పట్టి లాగి "పైన నొక్కద్దు డాక్టరమ్మా, కింద బొక్క మీద నొక్కాలె" అంది. బొక్క అంటే ఎముక. కరెక్టే, ఫండస్ మీద, అంటే గర్భసంచి పైభాగం మీద నొక్కితే భుజం ఇంకా బిగుసుకుంటుంది. ఆ గదిలో విషయం తెలిసిన మనిషికి మార్కులేసే గడి మాత్రం చెక్‌లిస్ట్‌లో లేదు.

గంట కొట్టేశారు. బిడ్డ అలాగే ఉండిపోయాడు.

మిగతా స్టేషన్లలో ఏం చేశానో నాకే గుర్తులేదు. సాయంత్రం షీట్ ఇచ్చారు. కమ్యూనికేషన్: ఎక్సలెంట్. డెలివరీ: నాట్ డన్. ఇప్పుడు ఇంటర్న్‌ల దగ్గర్నించి ప్రతివాడూ కారిడార్‌లో ఎదురుపడి గోడకి నమస్కారం పెట్టి పోతున్నాడు.

ఉండబట్టలేక వెళ్ళి అడిగా, సార్, తలా కాళ్ళూ ఉన్న బొమ్మ కొనరా అని. ఉందట. స్టోర్ రూమ్‌లో అట్టపెట్టెలో ఉంది, కవర్ కూడా విప్పలేదు, పీజీలు పాడు చేస్తారని ఇన్‌స్పెక్షన్‌కి మాత్రమే బయటికి తీస్తారు. తాళం చెవి స్టోర్ కీపర్ దగ్గర. ఆయన లాంగ్ లీవ్‌లో ఉన్నాడు.