అతుకు వేసిన తుపాకే నాకు ముద్దు

నా దగ్గర పాత తుపాకులున్నాయని తెలిసినప్పటి నుంచి బెజవాడలో మా చుట్టాలది ఒకటే ప్రశ్న: "ఇప్పుడు అమ్మితే ఎంతొస్తుంది?" పొలమైనా, ఫ్లాటైనా, బంగారమైనా మనం ముందు అడిగేది అదే కాబట్టి వాళ్లను తప్పుపట్టను. కానీ ఈ ఒక్క విషయంలో ధర సంగతి పక్కన పెట్టమంటాను.

పెట్టుబడి కోసం కొనేవాడికి చెక్కుచెదరని తుపాకి కావాలి, ప్రతి మరా అసలుదే అయ్యుండాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈస్టిండియా కంపెనీ నాటి చెకుముకి తుపాకి, అంటే చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలేది. కర్ర మధ్యలో విరిగితే ఎవరో ఇత్తడి రేకు చుట్టి, చేత్తో చేసిన మేకులతో బిగించారు. ఏ రెండు మేకుల తలలూ ఒక్కలా లేవు. వేలంపాటలో అది లోపం, ధర పడిపోతుంది. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆ రేకు దగ్గరే ఆగుతుంది. విరిగినా పారేయడానికి మనసొప్పని మనిషి ఒకడు, దాన్ని బాగుచేసిన కమ్మరి ఒకడు అందులో ఉన్నారు. కొత్త కర్ర వేయిస్తే వాళ్లిద్దరూ పోతారు.

తుపాకి పక్కనుండే ఇనుప పలక మీద ముద్రలు చదవడం ఇంకో ఆనందం. కంపెనీ మొదట గుండె ఆకారపు ముద్ర కొట్టేది, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దాని స్థానంలో సింహం వచ్చింది. గుండె ముద్ర కనిపిస్తే గుంటూరు ప్రాంతం కంపెనీ చేతికి పోయిన 1788 నాటి కాలం వేలికి తగిలినట్టే ఉంటుంది నాకు.

అమెరికాలో 1898లోగా తయారైన తుపాకుల్ని ఫెడరల్ చట్టం పురాతనమైనవిగానే చూస్తుంది, రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇండియాలో నూరేళ్లు దాటిన పురావస్తువును మనలాంటివాళ్లు దేశం దాటించడానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ఒప్పుకోదు. అదే మంచిది. గుంటూరు ఇంట్లోది గుంటూరులోనే ఉండాలి.

మీ ఇంటి అటక మీద అలాంటిదేమైనా ఉంటే ముందు లైసెన్సు సంగతి తేల్చుకోండి. గొట్టం ఖాళీ అనుకోవద్దు. ముందువైపు నుంచి మందు కూరే తుపాకుల్లో పాత మందు, గుండు అలాగే ఉండిపోయినవి చాలానే దొరుకుతుంటాయి. తెలిసినవాళ్లు చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తుప్పు వదిలిద్దామని గరుకు కాగితం పెట్టి రుద్దారా, ముద్రలు చెరిగిపోతాయి. ఇనుప సామాన్లవాడికి వేసే ముందు, అది ఇంటికెలా వచ్చిందో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి. వాళ్లున్నప్పుడే అడగండి.