చైనీయుడు, కొరియన్, యూపీవాడు

చేపలకూ రొయ్యలకూ కూడా ప్రభుత్వాలు బోర్డులు పెట్టాయి. ఫలానా చోటి మనిషిని ఏమని పిలవాలో తేల్చే బోర్డు మాత్రం ఇంతవరకూ లేదు. ఫలితం అనుభవిస్తున్నాం. చైనావాడు చైనీయుడు, జపాన్‌వాడు జపనీయుడు. ఆ రెండు దేశాల మధ్య కూర్చున్న కొరియావాడు మాత్రం కొరియన్. మన సంస్కృత ప్రత్యయం సముద్రాలు దాటింది గానీ, కొరియాలో దిగడానికి వీసా దొరకనట్టుంది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. గుజరాత్‌వాడు గుజరాతీ, బీహార్‌వాడు బీహారీ. ఈ లెక్కన కేరళవాడు కేరళీ కావాలి, కాడు, మలయాళీ అవుతాడు. ఉత్తరప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారమే దాదాపు 20 కోట్ల మంది ఉన్నారు. అంతమందికి కలిపి మనం ఇచ్చిన బిరుదు ‘యూపీవాళ్ళు’. రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక తెలుగు తోక.

వ్యాకరణ పండితులు దీనికి సూత్రం చెప్పగలరేమో గానీ, నాకు వాళ్ళకన్నా రేవుల్లో కూలీల మీదే గురి. బందరులో వలందపాలెం, ఫరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని పేటలున్నాయి. వ్యాపారానికొచ్చిన డచ్చివాళ్ళు మనకు వలందులు, ఫ్రెంచివాళ్ళు ఫరాసులు. పోర్చుగీసువాళ్ళయితే ఏకంగా బుడతకీచులు. ఏ కమిటీనీ అడగలేదు, ఎవరి మనోభావాలూ చూడలేదు, నోటికి ఎలా పడితే అలా అనేశారు. ఇప్పుడు ఆ వలందపాలెం పిల్లలకే బళ్ళో ‘డచ్చివారు’ అని నేర్పుతున్నాం.

అయితే ఎదుటివాళ్ళూ మనల్ని ఊరికే వదల్లేదు. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువుకు బర్మా వెళ్ళినవాళ్ళు రంగూన్‌ని ‘రంగం’ చేసేశారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ వీళ్ళందరూ ‘కోరంగీలు’ అయిపోయారు. పుట్టింది శ్రీకాకుళం పక్క పల్లెటూరైనా సరే, కోరంగీయే. హైదరాబాద్ గౌలిగూడలో ఉన్న ఎంజీబీఎస్ బస్టాండులో బస్సెక్కిన ప్రతివాణ్ణీ గౌలిగూడవాడు అన్నట్టుంది. పేరు పెట్టేవాడికి మనం ఎక్కడ పుట్టామో అనవసరం, తన కంట ఎక్కడ పడ్డామన్నదే లెక్క. కంపెనీ దొరలైతే తెలుగు భాషనే ‘జెంటూ’ అన్నారు. అదీ సొంత సరుకు కాదు, బుడతకీచుల దగ్గర అరువు తెచ్చుకున్న మాట. అన్యమతస్థుడని దాని అర్థం. అంటే నన్నయ గారు రెండున్నర పర్వాలు రాసింది అన్యమతస్థంలో!

ఇక మద్రాసీ సంగతి. పొట్టి శ్రీరాములు గారు ప్రాణం ఇచ్చారు, 1953 అక్టోబరు 1న మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నాం. 1996లో మద్రాసే చెన్నై అయిపోయింది. ఢిల్లీలో గది అద్దెకి అడగండి, ఇప్పటికీ మనం మద్రాసీలమే. హైదరాబాద్‌లో పుట్టి, చెన్నై మొహం ఎరగనివాడు కూడా. ఒళ్ళు మండుతుంది. ఆ మంటతోనే ఊరికొచ్చి, వీధి చివర తాకట్టు కొట్టు నడిపే గుజరాతీని ‘మార్వాడీ’ అని పిలుస్తాం. మార్వాడ్ రాజస్థాన్‌లో ఒక మూల అని ఆయన ఎన్నిసార్లు చెప్పుకుంటాడు పాపం?

ఊళ్ళ పేర్లు మార్చాక అంతా ఒక దారిలో పడుతుందనుకుంటే అదీ లేదు. చెన్నైలో మద్రాసు హైకోర్టు, ముంబైలో బొంబాయి హైకోర్టు. వీటి పేర్లు మార్చడానికి 2016లో లోక్‌సభలో బిల్లు పెట్టారు గానీ పాస్ కాలేదు. విజయవాడ స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ, అంటే రైల్వేవారి లెక్కలో అది బెజవాడే. ఊరు ఒకటే, లడ్డూ అయితే బందరుది, కలంకారీ అయితే మచిలీపట్నానిది. భౌగోళిక గుర్తింపు ఇచ్చేటప్పుడు సర్కారువారు కూడా అలాగే రాసుకున్నారు. లడ్డూ తిన్న నోటితో మచిలీపట్నం అనడం కష్టమని కాబోలు.

2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడు పుట్టింది ఎన్టీఆర్ జిల్లా. రామారావు గారు పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలో ఉండిపోయింది. కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీకి ఒక కొస ఎన్టీఆర్ జిల్లా, రెండో కొస గుంటూరు జిల్లా. అంటే అది కృష్ణా జిల్లాలోనూ లేదు, ప్రకాశం జిల్లాలోనూ లేదు. పోనీ, ఆ కొత్త జిల్లా జనాన్ని ఏమనాలి? చైనా పద్ధతిలో ఎన్టీఆరీయులా? బీహార్ పద్ధతిలో ఎన్టీఆరీలా? పేపర్లవాళ్ళు ‘ఎన్టీఆర్ జిల్లావాసి’ అని తప్పించుకుంటున్నారు. నా ఓటు ఎన్టీఆరీయులకే, గంభీరంగా ఉంటుంది. వాళ్ళనే అడిగి చూశాను. “మాది బెజవాడండీ” అంటున్నారు.