హారన్‌ది తప్పా, బ్యాటరీదా?

తొలినాటి ఖరీదైన కార్ల హారన్ మోగకపోతే కంపెనీలు కస్టమర్లను తిప్పించుకునేవని ఒకచోట చదివాను. సగం నిజమే. అప్పట్లో రోల్స్ రాయిస్ అమ్మింది ఛాసిస్ (కారు అడుగు చట్రం), ఇంజన్ మాత్రమే. బాడీ కట్టేది బార్కర్, హూపర్ లాంటి కోచ్ బిల్డర్లు. హారన్ ఇంకెక్కడో కొన్నదైతే ఫిర్యాదు ఎవరికి చేయాలి?

రబ్బరు బుర్ర హారన్‌తో పెద్ద తంటా లేదు. లోపల హార్మోనియంలో ఉన్నట్టే ఇత్తడి రీడు ఉంటుంది. దుమ్ము పట్టినా, రబ్బరు పగిలినా గొంతు పోతుంది, అంతే. అసలు గొడవ 1908లో అమెరికాలో క్లాక్సన్ అనే కరెంటు హారన్ అమ్మకానికి వచ్చాక మొదలైంది. అందులో చిన్న మోటారు పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. ఆ పళ్లు పల్చటి రేకు మధ్యలో ఉన్న మొనను వరసగా కొడుతుంటే రేకు అరుస్తుంది. పళ్లు అరిగినా, మొనకూ చక్రానికీ మధ్య సందు పెరిగినా గురకే మిగులుతుంది. పైగా మోటారుకు కరెంటు బాగా కావాలి. బ్యాటరీ నీరసపడితే నింద పడేది హారన్ మీదే!

నేను పాత కార్లు రిపేరు చేస్తాను. ఒకాయన హారన్ అమ్మినవాడితో నెల రోజులు గొడవపడి, చివరికి నా దగ్గరికి తెచ్చారు. చూస్తే ఎర్త్ వైరు బిగించిన చోట కరెంటుకు అడ్డుగా పెయింటు. గీకాను, మోగింది. ఆయన ముఖం చూడాలి! అమ్మినవాడు "ఎర్త్ చూశారా సార్?" అని మొదటిరోజే అడిగుంటే అంత టెన్షన్ ఉండేది కాదు.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ముందు నిలబడినప్పుడల్లా నా కళ్లు ముందు హారన్ కోసమే వెతుకుతాయి.