ఆకుపచ్చకి ఒక మార్కు

పోయిన ఆగస్టు 15న మా బరంపురంలో తెలుగువాళ్ళం చేసుకున్న జెండా పండగలో ఒక చిన్నపిల్లకి రావాల్సిన మార్కు నేనే కొట్టేశాను. అప్పట్నుంచీ అది లోపల పీకుతూనే ఉంది, అందుకే మీ పత్రికవాళ్ళు ఫోన్ చేసి జెండా మీద ఏదైనా రాసిపెట్టమనగానే రెండో మాట లేకుండా ఒప్పుకున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి కదా. రిటైరైన బ్యాంకు ఉద్యోగిని, పుట్టిందీ పెరిగిందీ గంజాం జిల్లా బరంపురంలోనే. మీరంతా విమానం ఎక్కి ప్రవాసాంధ్రులయ్యారు, మేం గుమ్మం దాటకుండానే అయ్యాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా తాత పడుకున్నది మద్రాసు రాష్ట్రంలో, లేచింది ఒరిస్సాలో. ఇచ్ఛాపురం అటు, మేం ఇటు. ఆ కథ ఇంకోసారి.

జరిగింది ఇదీ. జెండా ఎగరేసి, జనగణమన పాడి, పింగళి వెంకయ్యగారి ఫొటోకి దండ వేసి, లడ్డూ, కారప్పూస పంచాక పిల్లలకి క్విజ్ పెట్టాం. ప్రశ్నలూ జవాబులూ అటువైపు నుంచి ఎవరో వాట్సాప్‌లో పంపినవే, మేం ప్రింటు తీసుకున్నాం అంతే. నేను జడ్జీని. జెండాలో ఆకుపచ్చ దేనికి గుర్తు అని అడిగితే ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి "నమ్మకానికి, తాతా" అంది. నా చేతిలో కాగితం మీద పాడిపంటలు అని ఉంది. తప్పమ్మా, కూర్చో అన్నాను. "మా బళ్ళో సారు అలాగే చెప్పారు తాతా" అని గొణిగింది. ఆ పిల్ల చదివేది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, రాయడం రాదు. బళ్ళో సారు మాట కన్నా నాకు వాట్సాప్ కాగితమే ఎక్కువైంది. ఒక్క మార్కు తేడాతో ఫస్టు ప్రైజు, స్టీలు టిఫిన్ డబ్బా, ఇంకొకరికి పోయింది.

ఇంటికొచ్చి తీరిగ్గా పుస్తకాలు తిరగేస్తే ఆ పిల్లదే రైటు. 1931 లెక్క ప్రకారం నూటికి నూరు రైటు.

ఈ 1931 లెక్క ఏంటంటే, కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1921 మార్చి చివర్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు. గాంధీగారు ఒరిస్సా తిరిగి, మా బరంపురం మీదుగానే అక్కడికి వెళ్ళారు (ఈ ముక్క మావాళ్ళు ఏ సభలోనూ చెప్పరు, చెప్పుకోదగ్గదే). అక్కడ వెంకయ్యగారు చూపించిన జెండాలో ఉన్నవి రెండే రంగులు, ఎరుపూ ఆకుపచ్చా. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి. రాట్నం పెట్టమన్న ఆలోచన జలంధర్‌కి చెందిన లాలా హన్సరాజ్‌ది. మిగతా మతాలవాళ్ళ కోసం తెలుపు కలపమన్నది గాంధీగారు. అలా పైన తెలుపు, మధ్యలో ఆకుపచ్చ, కింద ఎరుపు, మూడింటి మీదా పెద్ద రాట్నం ఉన్న జెండా వచ్చింది. అంటే 1921లో క్విజ్ పెట్టి ఉంటే పాడిపంటలు అన్నవాడికీ సున్నాయే.

మతానికో రంగు అనేసరికి గొడవ మొదలైంది. మరి మా రంగేది అని సిక్కులు అడిగారు, అడగరా మరి. 1931లో కరాచీ కాంగ్రెస్ ఏడుగురితో ఒక కమిటీ వేసింది. పటేల్, నెహ్రూ, ఆజాద్, తారాసింగ్, కాలేల్కర్, హర్దీకర్, మన పట్టాభి సీతారామయ్య. వీళ్ళు గొడవే లేకుండా మొత్తం జెండా కేసరి రంగులో పెట్టి మూల ఒక రాట్నం చాలన్నారు. అది ఎవరికీ రుచించలేదు. ఆఖరికి ఆ ఆగస్టులో బొంబాయిలో కేసరి, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేసి, ఈ రంగులకీ మతాలకీ ఏ సంబంధమూ లేదని తీర్మానంలోనే రాసుకున్నారు. కేసరి ధైర్యానికీ త్యాగానికీ, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ నమ్మకానికీ శౌర్యానికీ. ఆ పిల్ల చెప్పింది ఇదే.

ఇక 1947 జూలై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ పెట్టిన తీర్మానం చూస్తే ఇంకా తమాషాగా ఉంటుంది. మూడు రంగులు సమానంగా ఉండాలి, మధ్యలో ముదురు నీలం చక్రం, అది సారనాథ్‌లోని అశోకుడి స్తంభం మీద ఉన్నలాంటిది, వెడల్పుకీ పొడవుకీ నిష్పత్తి 2:3. అంతే, రంగులకి అర్థం ఒక్క ముక్క కూడా రాయలేదు. అర్థం చెప్పింది అదే సభలో మాట్లాడిన సర్వేపల్లి రాధాకృష్ణన్. కాషాయం అంటే నాయకులు సొంత లాభం వదులుకోవడం, తెలుపు అంటే సత్యం వైపు నడిపించే వెలుగు, ఆకుపచ్చ అంటే నేలతో, మిగతా ప్రాణాలన్నిటికీ ఆధారమైన పచ్చని మొక్కలతో మనకున్న సంబంధం అన్నారు. ఆ మాటే బడిపుస్తకాల్లో, క్యాలెండర్లలో పడి అరిగి అరిగి మా వాట్సాప్ కాగితంలోకి వచ్చేసరికి పాడిపంటలు అయింది.

కొందరికి ఇది వింటే మనసు కష్టపడుతుంది, జెండాకి స్థిరమైన అర్థం లేదా అని. నాకైతే ఇందులోనే మర్యాద కనిపిస్తుంది. ఫలానా రంగు ఫలానావాళ్ళది అని మొదట పెట్టినవాళ్ళే, అది ఇంకొకడికి గుచ్చుకుంటుందని తెలిసి, పదేళ్ళకి అదే ఆకుపచ్చ ఉంచి అర్థం మార్చారు. భాష మీద ఊళ్ళు అటూ ఇటూ పంచుకుని, తొంభై ఏళ్ళయినా బోర్డు మీద ఏ లిపి పైన ఉండాలని ఇంకా వాదించుకునే జాగాలో ఉన్నాం మేము. ఆ పని ఎంత కష్టమో మాకు తెలుసు.

మా సభలన్నీ మాత్రం ఒకే ముక్క దగ్గర ఆగిపోతాయి. జెండా చేసినవాడు తెలుగువాడు! చప్పట్లు. అయిపోయింది. వెంకయ్యగారిని తక్కువ చెయ్యడం లేదు. 1916లోనే ముప్ఫై నమూనాలతో పుస్తకం వేసిన మనిషి, పత్తి మీద చేసిన పనికి పత్తి వెంకయ్య అనీ, రత్నాల పనికి డైమండ్ వెంకయ్య అనీ పేరు తెచ్చుకున్న మనిషి. ఆయన వేసిన దారిలోనే ఈ జెండా వచ్చింది. కానీ ఆ ఒక్క వాక్యంతో జెండాని మన కులానికి సన్మానంలా మార్చేసుకుంటే, పక్కింటి ఒడియా పిల్లాడికి అందులో ఏం మిగులుతుంది? వాడూ ఊరుకోడనుకోండి. ఆ చక్రం కోణార్క్‌దే అంటాడు. పది రూపాయల నోటు మీద ఉన్న కోణార్క్ చక్రం చూపిస్తాడు. పెద్ద చర్చే జరుగుతుంది మా వీధి అరుగు మీద. కోణార్క్ చక్రానికి లావు ఆకులు, అంటే చువ్వలు, ఎనిమిది, సన్నవి ఎనిమిది, జెండాలో చక్రానికి ఇరవై నాలుగు. రథం ఆకారంలో ఉన్న ఆ గుడికి మొత్తం చక్రాలు ఇరవై నాలుగు కాబట్టి అక్కడ లెక్క కలగలిసిపోయింది. ఇక ఆ ఇరవై నాలుగు ఆకులకీ ఇరవై నాలుగు గుణాలు అంటగట్టి తిప్పే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది, దానికీ 1947 తీర్మానానికీ సంబంధం లేదు.

రాట్నం పోయి చక్రం ఎందుకొచ్చిందో నెహ్రూ ఆ రోజే చెప్పారు. రాట్నంలో చక్రం ఒకవైపు, కదురు ఒకవైపు. జెండా గుడ్డ వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు తారుమారవుతాయి. చక్రానికి ఆ బాధ లేదు. గాంధీగారికి మాత్రం ఇది మొదట్లో రుచించలేదు.

రాట్నం అంటే గుర్తొచ్చింది. మా ఊరు పట్టుకి పేరు. దేవాంగుల వీధుల్లో, వాళ్ళదీ తెలుగే, మగ్గం చప్పుడు ఇంకా అక్కడక్కడా వినిపిస్తుంది. 2021 డిసెంబరులో జెండా నియమావళి మార్చి, మిషను మీద చేసిన పాలిస్టరు జెండాలు కూడా ఎగరేయొచ్చన్నారు. అప్పటిదాకా చేత్తో వడికి చేత్తో నేసిన ఖాదీ, పట్టు, ఉన్ని, అంతే. మొన్న పండక్కి మగ్గాల వీధి మొదట్లోనే ప్లాస్టిక్ సంచుల్లో పాలిస్టరు జెండాలు అమ్ముతున్నారు, మేమూ అవే కొన్నాం, ఖాదీ కొనే స్తోమత మా సంఘానికి ఉన్నా. పత్తి వెంకయ్యగారి ఫొటో పక్కన పాలిస్టరు జెండా. ఎవరికీ ఏమీ అనిపించలేదు, ఆ రోజు నాకూ అనిపించలేదు. ప్రతి ఇంటి మీదా జెండా ఉండాలంటే చవగ్గా దొరకాలి అనే వాదన నాకు తెలుసు, అది తీసిపారేసేదీ కాదు, అయినా మగ్గాల ఊళ్ళో మనం కొంచెం సిగ్గుపడాల్సింది.

మన దేశానికి అధికారిక జెండా ఈ ఒక్కటే అనుకుంటారు చాలామంది. గోపాలపూర్ రేవుకి ఎప్పుడైనా మన దేశపు సరుకుల ఓడ వస్తే దాని వెనక చూడండి, ఎర్ర గుడ్డ మీద ఒక మూల చిన్న మువ్వన్నెల జెండా ఉంటుంది. నేవీ జెండా మీద ఇంగ్లీషువాళ్ళు వదిలిన ఎర్ర శిలువ 2001లో తీసి, 2004లో మళ్ళీ పెట్టి, 2022 సెప్టెంబరులో పూర్తిగా తీసేశారు. ఇప్పుడక్కడ శివాజీ ముద్ర నుంచి తీసుకున్న ఎనిమిది అంచుల ఆకారంలో లంగరు ఉంది.

అన్నిటికన్నా మా ఊరికి దగ్గరది రాష్ట్రపతి జెండా. 1950 నుంచీ రాష్ట్రపతికి వేరే జెండా ఉండేది. నీలం, ఎరుపు గళ్ళు నాలుగు. ఒకదాంట్లో నాలుగు సింహాలు, ఒకదాంట్లో అజంతా ఏనుగు, ఒకదాంట్లో ఎర్రకోట గోడ మీది త్రాసు, ఇంకోదాంట్లో సారనాథ్ పూలకుండ. 1971 ఆగస్టు 15న దాన్ని దించేసి, ఇక రాష్ట్రపతికీ జాతీయ జెండాయే అన్నారు. ఆనాటి రాష్ట్రపతి ఎవరనుకున్నారు? వి.వి. గిరి, 1894లో మా బరంపురంలోనే పుట్టినవారు. తనకంటూ వేరే జెండా ఉన్న చివరి రాష్ట్రపతి మా ఊరివాడు. నిజానికి చప్పట్లు కొట్టాల్సింది ఇక్కడ. మా క్విజ్‌లో ఈ ప్రశ్న లేదు.

చక్రం దగ్గరికి మళ్ళీ వస్తాను, నేను అసలు చెప్పాలనుకున్నది అదే. ఆ చక్రం అశోకుడిది. అశోకుడు యుద్ధం చేసింది ఎక్కడ? కళింగలో. అంటే మా నేల మీద. బరంపురం నుంచి గంట ప్రయాణంలో, పురుషోత్తంపూర్ దగ్గర ఋషికుల్యా ఒడ్డున జౌగడ ఉంది. జౌ అంటే లక్క, లక్కకోట. పాండవుల లక్క ఇల్లు ఇక్కడేనని ఆ ఊరివాళ్ళు చెబుతారు. అక్కడ ఒక బండ మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. ఇన్నేళ్ళలో మా సంఘం అన్నవరం వెళ్ళింది, అరకు వెళ్ళింది, జౌగడ వెళ్ళలేదు.

ఆ మార్కు సంగతి తేలాక నేను వెళ్ళాను. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టారు, లక్షమంది చచ్చారు, అంతకి ఎన్నో రెట్లమంది పోయారు అని అశోకుడు బాధపడ్డ పదమూడో శాసనం మనందరం బళ్ళో చదువుకున్నదే. అది జౌగడలో లేదు. అశోకుడి శాసనాలున్న ఇంకో కళింగ ఊరు, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, ఎక్కడో పెషావర్ వైపు షాబాజ్‌గఢీలో ఉంది, ఓడిపోయినవాళ్ళ ఊళ్ళో మాత్రం చెక్కించలేదు. సిగ్గుపడ్డాడో, మానుతున్న పుండు కెలకడం ఎందుకనుకున్నాడో, జనం తిరగబడతారని భయపడ్డాడో. నేను మొదటిదే అనుకుంటాను, మీరు మూడోది అన్నా కాదనలేను.

దాని బదులు ఇక్కడి అధికారులకి విడిగా రెండు శాసనాలు రాయించాడు. మనుషులందరూ నా పజ, అంటే బిడ్డలు, నా బిడ్డలకి ఏం కోరుకుంటానో అందరికీ అదే కోరుకుంటాను అని. మన ప్రజ అనే మాట అదే. కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టొద్దనీ, ఈ శాసనాన్ని పుష్యమి నక్షత్రం రోజున జనానికి చదివి వినిపించమనీ ఉంది. రెండోది ఇంకా చిత్రం, అది సరిహద్దుల్లో ఉన్నవాళ్ళ గురించి. అవతలి జనం రాజు మనల్ని ఏం చేస్తాడో అనుకుంటూ ఉంటారు, వాళ్ళు నన్ను చూసి భయపడకూడదు, నన్ను నమ్మాలి, నా వల్ల వాళ్ళకి సుఖమే గాని దుఃఖం రాకూడదు అని అధికారులకి చెబుతాడు. నమ్మాలి అన్న ముక్క దగ్గర నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది.

మర్నాడు టిఫిన్ డబ్బా ఒకటి కొని వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. "ఇప్పుడెందుకు మావయ్యగారూ, అది ఎప్పుడో మర్చిపోయింది" అంది వాళ్ళమ్మ. మర్చిపోలేదు. డబ్బా తీసుకుని మూత తీసి చూసి, "మరి రెండోసారి ఆ ప్రశ్నే అడిగితే ఏం చెప్పాలి తాతా, మా సారుదా, మీదా?" అని అడిగింది. మూడూ చెప్పు, ఏ సంవత్సరంలో ఏదో కూడా చెప్పు అన్నాను.

సంక్రాంతికి మీలో చాలామంది ఇటు వస్తారు కదా. విశాఖ నుంచి బరంపురం రైల్లో నాలుగైదు గంటలు. ఒక పూట జౌగడకి ఉంచుకోండి, పిల్లల్ని కూడా తీసుకురండి, కారు నేను మాట్లాడి పెడతాను. నీళ్ళ సీసాలు మాత్రం వెంట పెట్టుకోండి, జనవరిలో కూడా ఆ బండ దగ్గర ఎండ గట్టిగానే ఉంటుంది.