ధమనుల గోడల్లోని మయోసిన్ గారికి బహిరంగ లేఖ

ధమని గోడ కండరాన్ని బిగించే ప్రొటీనైన మహారాజశ్రీ మయోసిన్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టవలసిన లేఖే గానీ, తమరి కుశలం నిన్న సాయంత్రమే బీపీ మిషను చెప్పేసింది: 162 బై 100. ఆవకాయ జాడీని అటకెక్కించి, తెల్లవారకముందే కాళీమాత గుడి నుంచి జలాంతర్గామి మ్యూజియం దాకా బీచ్ రోడ్డు కొలిచి, ఉప్పు తగ్గిన చారును మొహం చిట్లించకుండా తాగిన మనిషికి తమరు చెల్లించిన ప్రతిఫలం ఇది. మధ్యాహ్నమంతా వరండాలో కూర్చోబెట్టి, లోపలికి పిలిచాక తలెత్తకుండానే చీటీ రాసిచ్చిన వైద్యుల సంగతి వేరే రాసుకుంటాను.

తమరి విధులు నాకు తెలియనివి కావు. కణంలోకి కాల్షియం రాగానే కాల్మోడ్యులిన్ అనే ప్రొటీను దాన్ని అందుకొని, ఫాస్ఫేటు తగిలించే ఎంజైమైన ఒక కైనేజ్‌ను నిద్రలేపుతుంది. ఆ కైనేజ్ తమరి మెడకు చుట్టుకొన్న రెగ్యులేటరీ లైట్ చెయిన్ అనే చిన్న ప్రొటీను‌లో 19వ స్థానంలోని అమైనో ఆమ్లం సెరీన్‌కు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. అప్పుడు తమరు ఆక్టిన్ అనే ప్రొటీను తీగను పట్టి లాగితే నాళం ఇరుకవుతుంది. కాల్షియం వెనక్కి పోయి, ఫాస్ఫటేజ్ అనే ఎంజైము వచ్చి ఆ ఫాస్ఫేటును ఊడబీకాక తమరు వదలాలి. ఒప్పందం ఇంతే కదా!

గుండెలోని తమరి దాయాదిని చూడండి. అక్కడ తాళం ఆక్టిన్ వైపు ఉంది: ట్రోపోనిన్ అనే ప్రొటీను కాల్షియాన్ని పట్టుకొని, ఆక్టిన్ తీగను కప్పి ఉన్న ట్రోపోమయోసిన్‌ను పక్కకు జరిపితేనే మయోసిన్ తలలకు దారి దొరుకుతుంది. రోజుకు సుమారు లక్షసార్లు పట్టి, లక్షసార్లు వదిలే జాతి అది. వారిలోనూ చాలా తలలు ముడుచుకు పడుకొని కణానికి ఇంధనమైన ఏటీపీని పొదుపు చేస్తాయని తేలింది గానీ, ఆ నిద్ర ఎవరి నెత్తినా భారం పెట్టదు. (వారింట్లో లోపాలు లేవనను. మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన రకం మన దేశంలో నూటికి సుమారు నలుగురిలో ఉందనీ, దానికి గుండె కండర జబ్బుతో సంబంధం ఉందనీ 2009లో బయటపడింది. ఆ తగువు మరో ఉత్తరానికి.)

నాకు మింగుడుపడనిది తమరి పట్టు. 1981లో శాస్త్రవేత్త రిచర్డ్ మర్ఫీ బృందం పంది మెడలోని కరోటిడ్ ధమనిని పరీక్షించి, తొలి ఉధృతి తరువాత ఫాస్ఫేటు తగ్గిపోయినా బిగువు తగ్గడం లేదని లోకానికి చాటింది. లాచ్ (గడియ) స్థితి అని దానికి పేరు. గాజువాక బస్సులో కమ్మీ పట్టుకొని నిలబడే కునుకు తీసేవాడిలా, పెద్ద శ్రమ లేకుండా, పెద్ద ఖర్చు లేకుండా వేలాడడం! పైగా తమరిని విడిపించవలసిన ఫాస్ఫటేజ్ చేతులను రో కైనేజ్ అనే మరో ఎంజైము కట్టిపడేస్తుంది. ఇక కాల్షియం పెరగకపోయినా బిగువు పెరుగుతుంది. అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర కాల్షియం వచ్చే వాకిలిని మూయగలదు గానీ, లోపల సాగుతున్న ఈ కుమ్మక్కు దాని చేతిలో లేదు. ఆ మాత్ర వల్ల నాకు మిగిలేది సాయంత్రానికి చీలమండల దగ్గర ఉబ్బిన చర్మంలో మేజోళ్ల అంచు దిగబడిన గాడి.

ఇంతకీ ఎవరి కష్టం మీద వేలాడుతున్నావయ్యా నువ్వు? నువ్వు బిగిస్తే, ఆ ఇరుకులోకి రక్తాన్ని నెట్టలేక నెట్టేది గుండె. దాని గోడ మందమైతే నీకేం పోయింది? పట్టడం నేర్చినవాడివి వదలడం ఎందుకు నేర్వలేదు?

కోపంలో ఏకవచనం వచ్చేసింది, మన్నించండి. మంచం మీద నుంచి చటాక్కున లేచినప్పుడు రక్తమంతా కాళ్లలోకి జారి నేను నేలకొరగకుండా కాచేది కూడా తమరి పట్టేనని ఎరుగుదును. అంతమటుకు పట్టుకోండి, కాదనను. పడక్కుర్చీలో వాలి పేపరు చదువుకునే వేళ కూడా అదే బిగువు దేనికో సెలవివ్వండి.

ఇట్లు,
గుండె తరఫున వకాల్తా పుచ్చుకొన్న
ఒక విశాఖవాసి